ఐదో జట్టు

కర్నూలు జట్టు ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు దిగింది. ఏసేపు ఎదురుపోయి చెయ్యి చాచాడు. కర్నూలు జట్టు పెద్ద మారెన్న ఆ చెయ్యి తాకలేదు. పక్కకు ఉమ్మేసి నడిచిపోయాడు. పోయిన వారం కథను అక్కడ వదిలాం.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్లకు ఏసేపు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాలి. బద్వేలు తాలూకా పల్లెలో పుట్టినవాడు, కిరస్తానీ. వయసు ముప్పై అయిదు దాటింది. మహానంది శెట్టి డేరా వేసి, టికెట్టు పెట్టి, ఊరికొక జట్టును నిలబెట్టి చెడుగుడును కూలి దొరికే పనిగా మార్చిన ఈ మూడేళ్లలో ఏసేపు ఒక చోట నిలిచింది లేదు. బద్వేలు వద్దంటే వేంపల్లె, వేంపల్లె పొమ్మంటే కడప, కడప నుంచి కర్నూలు. ఇప్పుడు ఎర్రగుంట్ల. ఎక్కడికి పోయినా జట్టు పెద్ద అతనే. ఎవడు కూతకు పోవాలో, వచ్చినవాడి కాలు ఎవడు పట్టాలో, నడుము ఎవడు చుట్టాలో అతని కనుసైగతో జరిగిపోయేది. ఆట తెలియనివాడని శత్రువు కూడా అనడు. కానీ ఏ జట్టుతోనూ ఆఖరి పందెం గెలవలేదు. గెలవని పెద్దను ఏ ఊరూ రెండో ఏడు ఉంచుకోదు.

ఇప్పుడు ఈ జట్లన్నిటినీ నడిపే శెట్టి సంఘమే మూతపడుతోంది. జనం టాకీ డేరాల వెంట పడ్డారు. ఇంక జట్లను మేపలేనని శెట్టి చేతులెత్తేశాడు. అందుకే ఎర్రగుంట్లకూ కర్నూలుకూ జరిగే ఈ పందెం చిట్టచివరిది. ఇది ఆడితే, గెలిస్తే, ఏసేపు అనే కూతగాడు ఒకడుండేవాడని నాలుగు ఊళ్లు చెప్పుకుంటాయి. ఆడనివ్వకపోతే మిగిలేది నాపరాళ్ల గనిలో సమ్మెట, దానితోపాటు ఒక పేరు. కంబన్నను చంపినవాడు అన్న పేరు.

కంబన్న మారెన్న తమ్ముడు. అన్నదమ్ములిద్దరిదీ పత్తికొండ పక్క పల్లె. పోయిన ఏడాది నంద్యాల పందెంలో, కర్నూలు జట్టుకు ఏసేపు పెద్దగా ఉన్నప్పుడు, కంబన్న కడపవాళ్ల మీదికి కూతకు పోయి దొరికిపోయాడు. ఆరుగురు మీద పడ్డారు. అయినా కూత వదల్లేదు. కూత ఆగేటప్పటికి మనిషి కూడా ఆగిపోయాడు.

పత్తికొండ వైపు పల్లెల్లో ఆటలో చచ్చినవాడు చచ్చినట్టే. ఆట ముగిసేదాకా బరి బయట కూర్చోవలసిందే. కడప పక్క అట్లా కాదు. మనవాడు అవతలివాణ్ని ఒకణ్ని చంపితే, మనలో చచ్చిన ఒకడు లేచి బరిలోకి వస్తాడు. శెట్టి తన సంఘంలో కడప పద్ధతే పెట్టాడు. కొత్తగా వచ్చిన పత్తికొండ కుర్రవాళ్లకు ఆ సంగతి చెప్పే పని జట్టు పెద్దది. ఏసేపు చెప్పలేదని మారెన్న ఏడాదిగా ఊరూరా అంటున్నాడు. చెప్పి ఉంటే తమ్ముడు హాయిగా కూత వదిలేసి, కాసేపు బయట కూర్చుని మళ్లీ లేచి వచ్చేవాడని, చెప్పకుండా పశువును తోలినట్టు తోలాడని.

ఏసేపు ఈ మాటకు ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

ఎర్రగుంట్లలో బరి రైల్వే యార్డు పక్కన గీశారు. చుట్టూ నాపరాళ్ల దొంతులు. టికెట్టు కొన్నవాళ్లు తడికల లోపల కూర్చున్నారు. కొననివాళ్లు దొంతులెక్కారు. లోపలివాళ్లకన్నా వాళ్లకే బరి బాగా కనబడుతోంది. సంఘం మునగడానికి ఇదీ ఒక కారణమే. తడిక పక్కన రెండు నీళ్ల కుండలు. చిన్నది ఏసేపుది. బరిలో వాడి నడుము పట్టుకుని మట్టిలో పొర్లడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కుండ మాత్రం వేరే ఉండాలి.

పొద్దు పడమటికి వాలింది. రెండు జట్లూ గోచీలు బిగించి దిగాయి. మట్టి మార్చుకునే వేళయింది.

మట్టి మార్పు పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఆటకు ముందు రెండు జట్ల పెద్దలు నడిగీతకు చెరో పక్క నిలబడతారు. తమ పక్క మట్టి పిడికెడు తీసి ఎదుటివాడి అరచేతిలో పోస్తారు. ఇక్కడ ఏం జరిగినా ఇక్కడే వదిలిపెడతాం, ఇంటికి మోసుకుపోం అని దాని అర్థం. అది కాందే తీర్పరిగా నిలబడే డ్రిల్లు మాస్టరు ఈల నోట్లో పెట్టడు.

ఏసేపు వంగి మట్టి తీశాడు. పిడికిలి చాచి నిలబడ్డాడు. మారెన్న చేతులు కట్టుకున్నాడు.

"ఏమప్పా మారెన్నా, జనం కూచోనుండారు. మట్టి పోసి కానియప్పా," అన్నాడు శెట్టి. తలపాగా విప్పి మెడ తుడుచుకుంటున్నాడు.

"పోస్తా శెట్టీ. ఈయప్పను బరి దాటిపొమ్మను. ఇంగెవన్నన్నా నిలబెట్టు, పోస్తా."

"అట్ల మాట్లాడితే ఎట్లప్పా? ఆ జట్టుకు పెద్ద ఆయప్పే గదా."

"మా ఇంట్లో మనిషిని తిన్న చెయ్యి అది. దాంట్లో నేను మట్టి పొయ్యను. నువ్వు పిండం పెట్టమంటే పెడతా."

దొంతుల మీద జనం ఈలలు వేశారు. పైనుంచి ఒకడు అరిచాడు. "ఏసేపూ! ఇది ఎన్నో పెండ్లప్పా నీకు?"

"ఐదోది!" ఇంకొకడు అందుకున్నాడు. "ఐదో అత్తగారింట్లో గూడా కూడు పుట్టేట్టు ల్యా!"

నవ్వులు తడికల లోపలికీ పాకాయి. ఏసేపు పిడికిలి దించలేదు. మట్టి వేళ్ల సందుల్లోంచి కొద్దికొద్దిగా రాలుతోంది.

అప్పుడు ఓబన్న ముందుకొచ్చాడు. ఎర్రగుంట్ల జట్టులో అందరికంటే బలమైనవాడు. గనిలో ఇద్దరు మోసే బండను ఒక్కడే ఎత్తుతాడు.

"శెట్టీ, ఇంతదానికి పంచాయితీ ఎందుకు? ఆయప్ప పక్కకు పోతే నేను నిలబడతా. మట్టి నేను తీసుకుంటా."

ఏసేపు తల తిప్పాడు. "మొన్ననే గదరా కాలు పట్టేది నేర్చుకుంటివి. అప్పుడే పెద్దరికం కావల్సొచ్చెనా?"

"నేర్పినావు, కాదనను. అయితే నువ్వు యాడ నిలబడితే ఆడ ఓటమేనప్పా. నాలుగూళ్లు చెప్తాండాయి. మాది గూడా కలుపుకుంటావా?"

ఎర్రగుంట్ల జట్టులో ఒక్కడూ ఓబన్నను గదమాయించలేదు. ఒకడు కాలిబొటనవేలితో నేల గీకాడు. ఇంకొకడు గోచీ బిగించుకున్నాడు, అప్పటికే బిగించి ఉన్నదాన్ని. ఏసేపుకు విషయం తెలిసిపోయింది. తను ఇప్పుడు గీత దాటి బయటికి పోతే, వెనక నుంచి పిలిచేవాడు లేడు.

మారెన్న గొంతు పెంచాడు. జనానికి వినబడాలని.

"ఈయప్ప సంగతి మీకు తెల్దు. పెండ్లాం పెట్టెలో పండుకోనుంటే, ఈయప్ప వేంపల్లె బరిలో కూత పెడతాన్న్యాడు. సొంత పెండ్లానికే దిక్కు ల్యా. పరాయోని తమ్ముడు ఒక లెక్కనా?"

నవ్వులు ఆగిపోయాయి. భార్య కృపమణి జ్వరంతో పోయిన రోజు ఏసేపు బరిలో ఆడాడన్నది నిజం. పందెం చెడిపోతుందని వేంపల్లె జట్టును చూసుకునే ఆసామి కబురు దాచిపెట్టి, ఆట ముగిసినాక చెప్పిన మాట కూడా నిజమే. ఏసేపు ఊరు చేరేసరికి సమాధి మీద మట్టి ఎండిపోయింది. ఈ రెండో నిజం అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పి లాభమేముంది? ఆడినవాడు తనే.

"నా పెండ్లాం మాట ఎత్తొద్దు మారెన్నా," అన్నాడు.

"ఎత్తుతా. ఏం చేస్తావు? నన్ను గూడా చంపుతావా?"

"నీ తమ్ముణ్ని నేను చంపల్యా."

"మరి ఎవరు చంపినారప్పా? మా ఊర్లో సచ్చినోడు లేయడు. ఈడ లేస్తాడని వానికి ఎవరన్నా చెప్తేగదా తెలిసేది? చెప్పుంటే ఇడిసిపెట్టి ఉండడా వాడు? ఆరు మంది కింద ఊపిరి బిగబట్టుకోని సచ్చేదానికి వానికేం కర్మ?"

"చెప్పినా."

అంతే అన్నాడు. ఏడాదిలో మొదటిసారి అన్నాడు. జనం గొణుగుడు ఆపి చెవులొగ్గారు.

"అబద్ధం!" అన్నాడు మారెన్న. "మాకెవరికీ చెప్పల్యా."

కర్నూలు జట్టు వెనక తడిక కింద ఒక ముసలామె కూర్చుని ఉంది. జట్టుతోపాటే రైలు దిగిన మనిషి. ముతక కోక, బోసి మెడ. మారెన్న తల్లి భీమక్క. చిన్నకొడుకును తిన్నవాడు ఓడిపోవడం కళ్లారా చూడాలని పత్తికొండ నుంచి వచ్చింది. ఇప్పుడు ఆమె లేచి, జట్టు కుర్రవాళ్లను మోచేత్తో తోసుకుంటూ నడిగీత దాకా వచ్చింది. ఆడది బరిలోకి రాకూడదని డ్రిల్లు మాస్టరు అనబోయాడు. ఆమె ముఖం చూసి అనలేదు.

"ఏమప్పా," అంది ఏసేపుతో. "నా బిడ్డకు చెప్పినావా నువ్వు?"

"చెప్పినానమ్మా. బరిలో దిగే ముందు చెప్పినా, కూతకు పోయే ముందు చెప్పినా. దొరికితే ఇడిసిపెట్టు, మళ్లీ లేపుకుంటాం అని. సరేనన్న్యాడు."

"సరేనన్నోడు ఎందుకిడిసిపెట్టల్యా?"

ఏసేపు చూపు మారెన్న చేతి మీదికి పోయింది.

ఏడాది కిందట నంద్యాలలో కంబన్నను బండి మీద పడుకోబెట్టి స్టేషనుకు తోలుకుపోతుంటే, కబురు విని వచ్చిన భీమక్క దారి పొడుగునా మారెన్న చెయ్యి వదల్లేదు. వెనక నడిచిన ఏసేపు ఆ చేతినే చూస్తూ నడిచాడు. చెప్పవలసిన మాట అప్పుడే నోటి దాకా వచ్చింది. మింగేశాడు. దాన్ని మంచితనం అనుకుని ఎవరూ పొరబడనక్కరలేదు. అతనికి ఇంకో జట్టు కావాలి. జట్టు గుట్టు బయటపెట్టిన కూతగాణ్ని ఏ ఊరూ తీసుకోదు. ముసలామె మీద జాలి కొంత, తన కూటి మీద భయం కొంత. ఏది ఎంతో అతనికే తెలియదు.

ఇప్పుడు ఇంకో జట్టు లేదు. సంఘమే లేదు.

"అమ్మా," అన్నాడు. "ఈ పద్ధతి మాకు తెల్దంటాండాడు నీ పెద్దకొడుకు. నంద్యాలలో ఆ పొద్దు ఈయప్ప ముందే సచ్చి బరి బయట కూచోనుండ్య. నేను కడపోణ్ని ఒకణ్ని కొట్టొచ్చి, లెయ్ మారెన్నా, బరిలోకి రా అంటి. లేయల్యా. ఇంకోసారి పిలిస్తి. తల అడ్డంగా ఊపె. తెలియనోడైతే, ఎందుకు పిలుస్తాండావని అడగడా? అడగల్యా. మాస్టరును అడుగు."

అందరూ డ్రిల్లు మాస్టరు వైపు తిరిగారు. నంద్యాలలో ఈల ఊదింది ఆయనే. ఆయన ఈల తాడు వేలికి చుట్టుకున్నాడు.

"అవునమ్మా. లేచి రమ్మని నేను గూడా పిలిస్తి. సచ్చి లేసేది మొగోని లక్షణం కాదు అన్న్యాడు. ఆ మాట నాకు బాగా గుర్తుండాది."

భీమక్క మెల్లగా కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసునా?"

మారెన్న కట్టుకున్న చేతులు విప్పాడు.

"నీకు తెలిస్తే వానికి తెలియకుండా ఉంటాదా? ఒక కంచంలో తిన్నోళ్లు. మళ్లా ఎందుకు ఇడిసిపెట్టల్యా వాడు? నువ్వు పక్కనే గదా కూచోనుండేది?"

"అమ్మా, ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"ఈడనే చెప్పు."

"వాళ్లు చూస్తాండారు మా."

"ఇన్నాళ్లూ నువ్వు చెప్పిందంతా వాళ్లు చూస్తాన్నప్పుడే గదా చెప్తివి. చెప్పు."

మారెన్న ఏసేపును చూశాడు. ఆ చూపులో వేడుకోలు లేదు, కత్తి ఉంది. ఏసేపు చూపు తిప్పుకోలేదు. దయ చూపించే రోజు కాదది, అడిగే రోజూ కాదు.

"అరిచినా," అన్నాడు మారెన్న చివరికి. "ఇడవొద్దురా అని అరిచినా. ఇడిస్తే ఊర్లోకి రావద్దన్యా. మనింట్లో సచ్చి లేసినోడు ల్యాడన్యా. ఏం, తప్పా? మా నాయన నేర్పిందే గదా? నువ్వు విన్నిందే గదా, నాయన బతికున్నన్నాళ్లూ? వాడు ఆరుమంది కింద సచ్చిపోతాడని నేను కలగన్నానా?"

యార్డులో ఎక్కడో ఇంజను ఆవిరి వదిలింది.

భీమక్క ఏడవలేదు. ఆమె ఏడుస్తుందని, కొడుకును కొడుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె వంగింది. నడుము పట్టినట్టుంది, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, రెండో చేత్తో కర్నూలు పక్క మట్టి పిడికెడు తీసింది. తెచ్చి ఏసేపు అరచేతిలో పోసింది.

"మా పక్కన మట్టి ఇది. పెద్దోడు పొయ్యనంటే తల్లి పొయ్యకూడదని యాడా ల్యా గదా. ఏం మాస్టరూ?"

మాస్టరు తల ఊపాడు.

ఏసేపు తన పిడికిట్లో మిగిలిన మట్టి ఆమె చేతిలో పోశాడు. ఆమె దాన్ని కొంగున వేసుకోలేదు, నుదుట పెట్టుకోలేదు. అక్కడే దులిపేసింది.

"నీ మీద నాకు జాలి ల్యా," అంది అతనితో. "సంవచ్చరం నోరు మూసుకోనుంటివి. నేను రోజూ లేసి నిన్ను తిట్టుకుంటాంటి. ఆ తిట్లన్నీ దండగ చేసినావు. నీ ఆట నువ్వు ఆడుకో."

కొడుకు దగ్గరికి పోయి నిలబడింది. ఆమె తల అతని రొమ్ము దాకా కూడా రాదు.

"నువ్వూ ఆడు. వాన్ని లేయొద్దంటివి గదా. మా ఇంట్లో సచ్చి లేసేది ల్యాదంటివి గదా. ఈ పొద్దు నువ్వు దొరికితే నువ్వూ లేయొద్దు. కూత ఇడిస్తే నా గడప తొక్కొద్దు."

"మా..."

"పోరా. జనం దుడ్లు పెట్టి వచ్చినారు."

ఆమె తడిక కింద తన చోటికి పోలేదు. నడిగీత చివర, బరికి ఒక అడుగు బయట, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

మాస్టరు ఈల ఊదాడు.

మొదటి కూత కర్నూలుది. కూతకు ఎవడు పోవాలో చెప్పవలసిన మారెన్న ఎవరికీ చెప్పలేదు. తనే నడిగీత మీద కాలు పెట్టాడు. ఊపిరి తీసుకున్నాడు. చెడుగుడు, చెడుగుడు, చెడుగుడు. గొంతు గట్టిది. నాపరాళ్లకు తగిలి తిరిగి వినిపించింది.

ఏసేపు తన జట్టును విల్లులాగా వంచి నిలబెట్టాడు. మారెన్న ఎడమకాలి మీద బరువు మోపి కుడికాలు విసురుతాడు. అది అతనికి నేర్పినవాడు ఏసేపే. ఆ కాలు విసిరేదాకా ఆగమని ఓబన్నకు కనుసైగ చేశాడు. ఇంతసేపూ పెద్దరికం అడిగిన ఓబన్న, ఆటలో మాత్రం ఆ కన్ను చూపిన చోటే నిలబడ్డాడు.

మారెన్న ఆటకు రాలేదని ఏసేపుకు రెండు అడుగుల్లో అర్థమైంది. తాకి పరిగెత్తే ఆలోచన లేదు. ఎదురుగా ఏసేపు మీదికే వస్తున్నాడు. కుడికాలు విసిరాడు. ఓబన్న ఆ చీలమండను ఒడిసిపట్టి లాగాడు. మారెన్న వెల్లకిలా పడ్డాడు. ఇద్దరు నడుము మీద, ఇద్దరు చేతుల మీద పడ్డారు. ఓబన్న పైకి ఎగబాకి రొమ్ము మీద మోకాలు మోపాడు. బండలు మోసే మనిషి మోకాలు.

జనం లేచి నిలబడ్డారు. "పట్టినారప్పా! ఎర్రగుంట్ల పట్టింది!"

చెడుగుడు, చెడుగుడు.

కూత వదిలేస్తే అయిపోయేది. మాస్టరు ఈల ఊది, మారెన్నను బయట కూర్చోబెట్టేవాడు. మారెన్న వదల్లేదు. ముఖం నల్లబడుతోంది. మెడ నరాలు తాళ్లలాగా లేచాయి. కూత సన్నబడుతోంది గానీ తెగడం లేదు. అతని కళ్లు గీత చివర కూర్చున్న మనిషి మీదే ఉన్నాయి.

భీమక్క కొడుకును చూడటం లేదు. ఏసేపును చూస్తోంది. అతను ఏం చేస్తాడో చూస్తోంది.

"ఓబన్నా, మోకాలు తియ్," అన్నాడు ఏసేపు.

"కూత ఆగల్యా."

"తియ్యిరా!"

"కూత ఆగనీ, తీస్తా."

దొంతుల మీద నుంచి ఎవడో అరిచాడు. "సూడండప్పా! అమ్ముకున్న్యాడు! పాత జట్టుకు అమ్ముకున్న్యాడు!" ఆ మాట దొంతి నుంచి దొంతికి పాకింది. తడికల లోపల కూడా లేచి అదే అన్నారు. మాస్టరు ఈల నోట్లోనే పెట్టుకున్నాడు. కూత ఆగందే ఊదే హక్కు ఆయనకు లేదు. మహానంది శెట్టి తలపాగాలో మొహం దాచుకున్నాడు.

ఏసేపు ఒక్క అంగలో పోయి, వెనక నుంచి ఓబన్న రెండు భుజాలూ పట్టుకున్నాడు.

ఓబన్న మోకాలు కదపలేదు. తల మాత్రం తిప్పి పైకి చూశాడు. చెమట కారే ముఖం, పళ్లు బిగించి ఉన్నాడు. కింద మారెన్న గొంతులోంచి ఇప్పుడు మాట రావడం లేదు, కూత గాలిలాగా మాత్రమే వస్తోంది.

"నువ్వు ఎవని జట్టప్పా?" అన్నాడు ఓబన్న.